తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా: కాలేజీ సీటు కోసం ఎప్పుడు ఏం చూసుకోవాలి

పరకాల నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా బిడ్డ జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది. లెక్కలు, సైన్సు బాగానే చేస్తది. హన్మకొండల ఒక కాలేజీ వాళ్లు ఇప్పుడే ఫౌండేషన్‌ల చేర్చమంటున్నరు. మా బామ్మర్దేమో పది కాంగనే విజయవాడ పంపమంటున్నడు. ఇంజినీరింగో, డాక్టరో ఇంకా తేలలే. మంచి కాలేజీల సీటు రావాలంటే ఇప్పటినుంచే ఏం చెయ్యాలె?"

నేను ఈ చుట్టుపక్కల ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎండాకాలం సెలవుల తర్వాత కౌన్సెలింగ్ జరిగే రోజుల్లో సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర కూర్చునేవాణ్ని. చదవడం పిల్లల పని, అందులో మనం చేయగలిగింది కొంతే. కానీ ఎక్కడ చదివించాలి, ఏ గ్రూపు ఇప్పించాలి, కాగితాలు ఎప్పుడు సిద్ధం చేసుకోవాలి, ఈ మూడూ పెద్దవాళ్ల పనులు. ర్యాంకు తెచ్చుకుని కూడా కోరుకున్న సీటు దక్కని పిల్లలను ఆ బల్ల దగ్గర చూశాను. వాళ్లలో చాలామందిది చదువు లోపం కాదు, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఇంట్లో తప్పిపోయింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు విజయవాడ సంగతి. మీ బామ్మర్ది మంచి కోరే చెప్పి ఉంటాడు. అక్కడ చదివి పైకొచ్చిన పిల్లలూ ఉన్నారు. కానీ బిడ్డ డాక్టర్ కావాలనుకునే అవకాశం ఒక్క పాలు ఉన్నా పంపకండి. తెలంగాణలో ఎంబీబీఎస్ కన్వీనర్ సీటుకు, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగులో ఇచ్చే సీటుకు, స్థానికులు కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివి ఉండాలన్నది 2024లో తెచ్చిన నిబంధన. దాని మీద హైకోర్టులో, సుప్రీంకోర్టులో కేసులు నడిచాయి. చివరికి 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని చెప్పింది. ప్రభుత్వోద్యోగుల బదిలీల వంటి కొన్ని సందర్భాలకు మినహాయింపు ఉంది కానీ, కోచింగ్ కోసం పొరుగు రాష్ట్రానికి వెళ్లడం అందులోకి రాదు. అంటే మీ బిడ్డకు ఆ నాలుగేళ్ల లెక్క ఈ ఏడాదే మొదలైంది.

ఇంజినీరింగుకైనా ఆలోచించాల్సిందే. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు ఉంటాయి. అక్కడ సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్‌లో అడ్రసూ కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అది. పరకాల పిల్ల విజయవాడలో ఇంటర్ రాస్తే, ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో కాజీపేట దగ్గరున్న ఎన్‌ఐటీకి బయటి రాష్ట్రం అభ్యర్థి అయిపోతుంది. ఆమె సొంత రాష్ట్రం కోటా తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి మారుతుంది. దేశంలో మొదటి ఆర్‌ఈసీగా (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా) 1959లో నెహ్రూ చేతుల మీద శంకుస్థాపన జరుపుకున్న కాలేజీ మన పక్కనే ఉంటే, దాని సొంత రాష్ట్రం కోటాను మన చేతులతో మనమే వదులుకోవడం ఎందుకు? ఇక మన ఎప్‌సెట్ కౌన్సెలింగులో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. చివరి నాలుగేళ్లు వరసగా ఇక్కడే చదివిన పిల్లలకు ఏ పేచీ ఉండదు.

పేరు ఇక్కడి కాలేజీలో రాయించి, మనిషిని వేరే ఊళ్లో కోచింగులో ఉంచే పద్ధతి కూడా కొందరు చెప్తారు. ఆ దారిన అసలే పోవద్దు. హాజరు, ప్రాక్టికల్స్, తర్వాత స్టడీ సర్టిఫికెట్, అన్నీ అబద్ధం మీద నిలబడాల్సి వస్తుంది. ఎక్కడో ఒకచోట బయటపడితే నష్టపోయేది పిల్ల.

ఫౌండేషన్ గురించి. తొమ్మిదిలో ఐఐటీ పేరుతో చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఇంటర్ పాఠాలనే ముందుగా, పైపైన చెప్పడం. బీజగణితంలో చెయ్యి ఆడని పిల్లకు త్రికోణమితి సూత్రాలు బట్టీ పట్టిస్తే ఇంటర్‌కు వచ్చేసరికి లెక్కలంటేనే విసుగు పుడుతుంది. అలాంటి పిల్లలు నా క్లాసుకు చాలామందే వచ్చారు. సూత్రం నోటికి వచ్చేది, ఎందుకలా వచ్చిందంటే చెప్పలేకపోయేవారు. డబ్బు, ప్రయాణం, పొద్దున ఐదింటి బస్సు, ఇవన్నీ తొమ్మిదో తరగతి పిల్ల మీద వేయకండి. ఆమె చదివే స్కూలులో లెక్కల సార్, సైన్సు టీచర్ సరిగా చెప్తుంటే అక్కడే ఉంచండి. రాష్ట్ర పాఠ్యపుస్తకంలోని ప్రతి అభ్యాసమూ గైడు లేకుండా చేయగలిగితే, ఆ పైన ఎన్‌సీఈఆర్‌టీ ఎగ్జెంప్లర్ లెక్కలు, సైన్సు పుస్తకాలు తెచ్చివ్వండి. ఎన్‌సీఈఆర్‌టీ సైటులో ఉచితంగానే దొరుకుతాయి.

మీ బిడ్డకు లెక్కల మీద నిజంగా ఎంత పట్టుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆదివారం తీరిగ్గా కూర్చున్నప్పుడు, స్కూల్లో ఇంకా చెప్పని అధ్యాయం తీసి, అందులో సాధించి చూపిన ఒక ఉదాహరణ చదివి పక్కనే ఉన్న మరో లెక్క చేయమనండి. సమాధానం వచ్చిందా లేదా అని చూడకండి. ఆగిపోయినప్పుడు ఏం చేస్తుందో చూడండి. బొమ్మ గీసుకుంటుందా, వెనక్కి వెళ్లి ఉదాహరణ మళ్లీ చదువుతుందా, ఒక అంకె పెట్టి సరిచూసుకుంటుందా, లేక పెన్ను పక్కన పెట్టి మీ మొహం చూస్తుందా? అరగంట కుస్తీ పట్టే పిల్లకు ఎంపీసీ బరువు కాదు. అలాగే సైన్సు పుస్తకంలో జీవశాస్త్రం అధ్యాయం తనంతట తాను చదువుతోందా, పరీక్ష ఉందని చదువుతోందా గమనించండి. ఇలా నాలుగైదు నెలలు చూస్తే గ్రూపు ఏదన్నది చాలావరకు తేలిపోతుంది. బంధువుల పిల్లలు ఏం తీసుకున్నారన్నది ఇందులోకి రానివ్వకండి.

బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అనుకోవద్దని కూడా చెప్పాలి. నీట్ రాసిన పిల్లల్లో ఎక్కువమందికి ఎంబీబీఎస్ రాదు. అది ముందే తెలిసి వెళ్తే తర్వాత గుండె పగలదు. బీఎస్సీ అగ్రికల్చర్‌కు మన దగ్గర ఎప్‌సెట్‌తోనే దారి ఉంది. వరంగల్‌లో, జగిత్యాల పక్కన పొలాసలో, సిరిసిల్లలో ప్రభుత్వ వ్యవసాయ కాలేజీలున్నాయి. మామునూరులో, కోరుట్లలో వెటర్నరీ కాలేజీలున్నాయి. బీఫార్మసీకి బైపీసీ పిల్లలూ వెళ్లొచ్చు, ఎంపీసీ పిల్లలూ వెళ్లొచ్చు. కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీకి మంచి పేరుంది. పొలం పనుల మధ్య పెరిగిన పిల్లలకు అగ్రికల్చర్ గురించి ఇంట్లో ఎవరూ చెప్పరు, "మళ్లీ వ్యవసాయమేనా" అంటారు. ఆ చదువుతో వచ్చే కొలువులు, పై చదువులు వేరు. ఒకసారి పొలాస తీసుకెళ్లి చూపించండి.

పదో తరగతి ఏడాదిలో మార్కుల కన్నా ముందు నేను పట్టుబట్టేది ఒక కాగితం గురించి. అది నామినల్ రోల్. పదో తరగతి పరీక్షకు స్కూలు వాళ్లు బోర్డుకు పంపే వివరాల పట్టిక. పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఎలా ఉంటే మెమో మీద అలాగే అచ్చవుతాయి. ఆ తర్వాత ఇంటర్, జేఈఈ, నీట్, పాస్‌పోర్టు అన్నిటికీ ఆ మెమోనే మూలం. నర్సంపేట వైపు ఒక తండా నుంచి వచ్చిన అమ్మాయి సర్టిఫికెట్లు నా ముందు పెట్టింది. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది, ఆధార్‌లో పూర్తిగా చివరన ఉంది, కులం సర్టిఫికెట్లో అసలు లేదు. పుట్టిన నెల ఆధార్‌లో ఒకటి, మెమోలో ఒకటి. మంచి ర్యాంకు. వాళ్ల నాన్న పరిశీలన జరిగిన రెండు రోజులూ మీసేవకూ తహసీల్దార్ ఆఫీసుకూ తిరుగుతూనే ఉన్నాడు. ఇది తొమ్మిదిలోనే సరిచేసుకోవచ్చు. స్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఏముందో హెడ్మాస్టర్ గారిని అడిగి మీ కళ్లతో చూడండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, రిజిస్టర్ మూడూ అక్షరం అక్షరం కలవాలి. తేడా ఉంటే ఆధార్ మార్పించండి, లేదా రిజిస్టర్ సరిచేయడానికి ఏం కావాలో హెడ్మాస్టర్ గారినే అడగండి. నామినల్ రోల్ పంపే ముందు ప్రింటు తీసి తల్లిదండ్రులతో సంతకం పెట్టిస్తారు. చదవకుండా సంతకం పెట్టకండి. మెమో వచ్చాక మార్చాలంటే స్కూలు, డీఈఓ ఆఫీసు, బోర్డు దాకా పోవాల్సిందే.

పదయ్యాక ఇంటర్ ఒక్కటే దారి కాదు. మీ బిడ్డ సర్కారు బడిలో చదువుతోంది కాబట్టి బాసర సంగతి ముఖ్యం. నిర్మల్ జిల్లా బాసరలో 2008లో పెట్టిన ఆర్‌జీయూకేటీలో పదో తరగతి ఫలితం ఆధారంగానే తీసుకుంటారు, వేరే ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్ లాంటి రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదవడం. ప్రభుత్వ పాఠశాల పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. దాని కోసమైనా బిడ్డను పది మధ్యలో ప్రైవేటు స్కూలుకు మార్చకండి. పదిహేనేళ్ల పిల్ల ఇల్లు వదిలి ఉండగలదా అన్నది మాత్రం మీరు, మీ ఇంటావిడ, బిడ్డ కూర్చుని మాట్లాడుకోవాలి. గురుకుల జూనియర్ కాలేజీల కోసం ఆర్‌జేసీ సెట్, డిప్లొమా కోసం పాలీసెట్ కూడా పది పరీక్షల కాలంలోనే వస్తాయి. రెండూ రాయించండి, ఖర్చు తక్కువ. పాలిటెక్నిక్ మూడేళ్లు చేసిన పిల్లలు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. చేత్తో పని చేయడం ఇష్టమైన పిల్లలకు అది తక్కువ దారి ఎంతమాత్రం కాదు.

జనవరి దాటితే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు. "ఇప్పుడు కడితే ఇంత తగ్గింపు" అని అడ్వాన్స్ అడుగుతారు. ఇంటర్ బోర్డు నోటిఫికేషన్ ఇవ్వకముందే అడ్మిషన్లు చేయకూడదు. పది ఫలితాల దాకా ఒక్క రూపాయి కట్టకండి. ఆ కాలేజీకి ఆ ఏడాది అఫిలియేషన్, అంటే బోర్డు గుర్తింపు, ఉందో లేదో బోర్డు సైటులో చూడండి. తర్వాత ఆ క్యాంపస్‌కే వెళ్లి, లెక్కలు చెప్పే లెక్చరర్ ఎవరు, ఎన్నేళ్లుగా ఇక్కడున్నారు అని అడగండి. ఫ్లెక్సీ మీద ఫొటోల పిల్లలు ఏ ఊరి బ్రాంచిలో చదివారో తెలియదు. మీ బిడ్డకు చెప్పేది మాత్రం ఈ బిల్డింగులో ఉన్న లెక్చరరే. అడిగితే చిరాకు పడే కాలేజీలో రేపు అమ్మాయి సందేహం అడిగినా అంతే. ప్రభుత్వ జూనియర్ కాలేజీని లెక్కలోంచి తీసేయకండి. మంచి లెక్చరర్లు ఉన్నచోట, సాయంత్రం రెండు గంటలు కూర్చుని సొంతంగా చదివే పిల్లలు అక్కడి నుంచి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకులు తెచ్చారు. నేను చూశాను.

ఇంటర్ రెండేళ్లు పరీక్షల మధ్య గందరగోళం లేకుండా ఉండాలంటే ఏ పరీక్ష దేనికో స్పష్టంగా తెలియాలి. మన రాష్ట్ర ఇంజినీరింగ్ కాలేజీలకు ఎప్‌సెట్. 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలు, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పుకు మార్కు కోత లేదు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు, కానీ గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి. ఎన్‌ఐటీలకు, ఐఐటీలకు జేఈఈ మెయిన్ నుంచి మొదలవుతుంది. 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు ఒక మార్కు పోతుంది. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, రెండూ రాయవచ్చు, మంచి స్కోరే తీసుకుంటారు. తెలుగులో కూడా ప్రశ్నపత్రం ఎంచుకోవచ్చు. మెయిన్‌లో పైన నిలిచిన రెండున్నర లక్షల మంది అడ్వాన్స్‌డ్ రాస్తారు. ఎన్‌ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ ఎస్టీలకు 65 శాతం ఉండాలి. లేదంటే బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో ఉండాలి. అందుకే "ఇంటర్ మార్కులు దేనికీ పనికిరావు" అనే మాట నమ్మవద్దు.

మొదటి ఏడాది పాఠాలు మొదటి ఏడాదిలోనే గట్టిపడాలి. ఎప్‌సెట్‌లోనూ జేఈఈలోనూ ప్రశ్నల్లో మొదటి ఏడాది భాగం పెద్దదే. రెండో ఏడాది జనవరిలో జేఈఈ, ఆ వెంటనే ప్రాక్టికల్స్, మార్చి దాకా ఇంటర్ పరీక్షలు, ఏప్రిల్‌లో మళ్లీ జేఈఈ, మేలో నీట్ లేదా ఎప్‌సెట్ వరసగా ముంచుకొస్తాయి. అప్పుడు మొదటి ఏడాది పుస్తకం మొదటి నుంచి తెరిచే సమయం ఉండదు. జేఈఈ దరఖాస్తు రెండో ఏడాది దసరా, దీపావళి రోజుల్లోనే మొదలవుతుంది. నీట్, ఎప్‌సెట్ దరఖాస్తులు ఫిబ్రవరి ప్రాంతంలో వస్తాయి. సైన్సో, సోషలో ఇష్టపడి పెద్ద యూనివర్సిటీలో చదవాలనుకుంటే సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా ఆ ముందూ వెనకే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకు దారి అదే. ప్రతి దరఖాస్తుకూ ఒకే ఫోన్ నంబరు, ఒకే ఈమెయిల్ వాడండి. అది నెట్ సెంటర్ వాళ్లది కాదు, మీ ఇంటిది అయి ఉండాలి. ఓటీపీ కోసం నెట్ సెంటర్ చుట్టూ తిరిగిన తల్లిదండ్రులను ప్రతి ఏటా చూసేవాణ్ని.

కుల, ఆదాయ సర్టిఫికెట్లలో ఒక మెలిక ఉంది. మీరు బీసీ అయితే రాష్ట్ర కాలేజీలకు మీసేవ కులం సర్టిఫికెట్ సరిపోతుంది. జేఈఈ, నీట్ అఖిల భారత కోటాకు అది చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదని చెప్పే) సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది కావాలి. ఇంకో సంగతి, మన రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీ కులం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. లేకపోతే కేంద్ర సంస్థలకు ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల కోటా) కింద అడగొచ్చు కానీ, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, వ్యవసాయ భూమి 5 ఎకరాలకు తక్కువ ఉండాలి. ఆదాయం సర్టిఫికెట్ ఎప్పుడో తీసుకున్నది పనికిరాదు, కౌన్సెలింగ్ ఏడాదిలో కొత్తది తీసుకోవాలి.

కౌన్సెలింగ్‌కు ముందు చేసే ముఖ్యమైన పని కాలేజీల జాబితా. దీన్ని ఇంటర్ మొదటి ఏడాది సెలవుల్లోనే మొదలుపెట్టండి. ఎప్‌సెట్ సైటులో కిందటి ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఏ కులానికి చివరి ర్యాంకు ఎంత పోయిందో ఇస్తారు. అమ్మాయిల కాలమ్ వేరుగా ఉంటుంది, అదే చూడండి. ఒక నోట్‌బుక్‌లో మీ బిడ్డ తన చేతితో రాసుకోవాలి. కాలేజీ పేరు, బ్రాంచి, చివరి ర్యాంకు, ఇంటి నుంచి దూరం, ఫీజు. కేయూ ఇంజినీరింగ్, కిట్స్ వంటి మన దగ్గరి కాలేజీలు, హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ, ఓయూ, ఆ తర్వాత మిగతావి. వీలైతే రెండు మూడు కాలేజీలకు స్వయంగా వెళ్లి ల్యాబుల్లో పిల్లలు పని చేస్తున్నారో, తాళం వేసి ఉందో చూసి రండి.

వెబ్ ఆప్షన్లు, అంటే ఆన్‌లైన్‌లో కాలేజీల ఎంపికలు, పెట్టేటప్పుడు ర్యాంకు చూసి క్రమం మార్చకండి, ఇష్టం చూసి పెట్టండి. పైన పెట్టిన కాలేజీ రాకపోతే కింది దానికి వెళ్తుంది. పైది పెట్టినందుకు కింది దాంట్లో అవకాశం ఏమీ తగ్గదు. చాలామంది ఇక్కడ భయపడి పది పదిహేను ఆప్షన్లతో ఆపేసి, ఏ సీటూ రాక కూర్చుంటారు. చేరడానికి సిద్ధంగా ఉన్నవన్నీ పెట్టండి, చేరనిది ఒక్కటి కూడా పెట్టకండి. సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయకపోతే సీటు పోతుంది.

డబ్బు లెక్క చివర రాస్తున్నా, మీరు ముందే వేసుకోవాల్సింది ఇది. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, మిగతావి మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ సీటుకే రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం ఫీజు భరించడం. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన ఓసీ) పిల్లలకు 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, దాటితే ఏడాదికి 35,000 వరకే ఇస్తారు. మిగతాది మీ జేబులోంచే. కుటుంబ ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో 2 లక్షల లోపు ఉండాలి. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీలోనే చేసే స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ రాదు. అందుకే ఫౌండేషన్‌కు, విజయవాడ హాస్టల్‌కు ఇప్పుడు పెట్టాలనుకున్న డబ్బును బిడ్డ పేరున పక్కన పెట్టండి. బీటెక్ నాలుగేళ్లలో ఆ తేడా కట్టడానికి, హాస్టల్‌కు, ల్యాప్‌టాప్‌కు అదే అక్కరకొస్తుంది.

ఈ నెలలో మీరు చేయాల్సింది రెండే. హెడ్మాస్టర్ గారి దగ్గర అడ్మిషన్ రిజిస్టర్, ఆధార్ సరిచూడటం, కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో చూసుకోవడం. బిడ్డను ఆదివారాలు గమనించి, సంక్రాంతి సెలవుల తర్వాత గ్రూపు మీద మీకేమనిపించిందో రాయండి. ఎంపీసీ, బైపీసీల్లో ఏదైనా ఆ రెండేళ్ల చదువు గురించి అప్పుడు వివరంగా చెప్తాను.